గోడ మీది పొరలు: వెల్ల నుండి ఎమల్షన్ వరకు



"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. "పాత ఇంటికి రంగు వేయించి చూడు" అని మూడో మాట కూడా చేర్చి ఉంటే బాగుండేది. మన సభ్యుల్లో చాలామందిమి తండ్రుల కాలంలోనో, మనం సర్వీసులో ఉండగానో కట్టిన ఇళ్ళలోనే కాలక్షేపం చేస్తున్నాం. పండుగ ముందు వేలకు వేలు పోసి రంగులు వేయిస్తాం. రెండు వర్షాకాలాలు గడిచేసరికి పైకప్పు పెచ్చులూడి మంచం మీద రాలుతుంది. పెయింటరు కంపెనీని అంటాడు, షాపువాడు పెయింటరును అంటాడు, మనం మన జాతకాన్ని అనుకుంటాం.

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని సంపాదకవర్గం వారు అడిగారు. రాజుల చరిత్ర రాసే సమర్థులు మన సంఘంలోనే ఉన్నారు. నేను 1970లో చేరి 2006లో రిటైరయ్యే దాకా ప్రభుత్వ భవనాల మరమ్మతు ఎస్టిమేట్లు, బిల్లులు చూసిన గుమాస్తాని. కనుక నాకు తెలిసిన గోడల చరిత్ర రాస్తున్నాను. మరో కారణం కూడా ఉంది. మన సంఘ భవనం హాలు పాతకాలపు మద్రాసు టెర్రేసు. దాని కప్పు, ఉత్తరపు గోడ ఏ స్థితిలో ఉన్నాయో అందరం చూస్తున్నాం. వచ్చే సర్వసభ్య సమావేశంలో రంగుల ఖర్చు చర్చకు రాబోతోంది. చేతులెత్తే ముందు ఆ గోడ కథ ఒకసారి తెలుసుకుందాం.

వెల్ల అంటే రాయి

మన తాతల కాలంలో గోడకు రంగు వేయించడమనే మాట అరుదు. "వెల్ల వేయించాలి", "సున్నం కొట్టించాలి" అనేవారు. పల్నాటి సీమలో సున్నపురాయికి కొదవ లేదు. పిడుగురాళ్ళ, దాచేపల్లి ప్రాంతాల బట్టీల నుండి బస్తాలు ఊరూరా వెళ్ళేవి. పిడుగురాళ్ళను లైమ్ సిటీ అనడం మనందరం వింటున్నదే. సముద్ర తీరపు ఊళ్ళలో గుల్లలను కాల్చి గుల్ల సున్నం చేసేవారు. పులికాట్ సరస్సు అడుగున దొరికే గుల్లలకు ఈ పనిలో పెద్ద పేరు.

సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే అందులోని బొగ్గుపులుసు వాయువు పోయి కాల్చిన సున్నం మిగులుతుంది. దాని మీద నీళ్ళు పోస్తే బుసబుస పొంగి, వేడెక్కి, వెన్నలాంటి తడి సున్నం అవుతుంది. దాన్ని గోడకు పూస్తే గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లగా పీల్చుకుని మళ్ళీ సున్నపురాయిగా మారిపోతుంది. పోయిన వాయువు తిరిగి వచ్చి చేరుతుందన్నమాట. స్కాట్లండుకు చెందిన జోసెఫ్ బ్లాక్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1750ల దశకంలో ఈ వాయువును గుర్తించి వివరించాడు. మన మేస్త్రులకు సూత్రం తెలియకపోయినా పని తెలుసు. వెల్ల గోడ మీద అంటించిన పూతగా ఉండదు, గోడలో కలిసిపోయి పలుచని రాతి పొర అవుతుంది. ఆ రాతిలో కంటికి కనబడని రంధ్రాలుంటాయి. గోడలోని చెమ్మ ఆవిరై ఆ రంధ్రాల గుండా బయటికి పోతుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే మిగతా కథంతా తేలికగా అర్థమవుతుంది.

గచ్చుకు వాడే సున్నాన్ని ఇసుకతో కలిపి గానుగలో పోసి, ఎద్దులను కట్టి, రాతి చక్రంతో రోజుల తరబడి నూరించేవారు. అందులో బెల్లపు నీరు, కరక్కాయ నీరు కలిపేవారు. చెన్నపట్నపు గచ్చు నునుపును చూసి ఇంగ్లీషువాళ్ళు పాలరాయి అని భ్రమపడేవారట. సెయింట్ హెలీనా ద్వీపానికి గవర్నరుగా ఉన్న ఐజాక్ పైక్ మద్రాసులో ఈ సున్నం చేసే విధానాన్ని వివరిస్తూ వ్యాసం రాయగా, 1730ల తొలినాళ్ళలో లండన్ రాయల్ సొసైటీ పత్రిక దాన్ని అచ్చు వేసింది. బెల్లం, కరక్కాయలు అందులో కూడా ఉన్నాయి. 1591లో కట్టిన చార్మినార్ మీది పూలు, లతలు అన్నీ ఇలాంటి సున్నపు గచ్చు పనే.

మద్రాసు టెర్రేసు

ఇక మన హాలు కప్పు సంగతి. మద్రాసు రాజధానిలో పంతొమ్మిదో శతాబ్దంలో కట్టిన కచేరీలు, బడులు, బంగళాలు, కలవారి మేడలు చాలా వరకు ఈ పద్ధతిలోనే కట్టారు. గోడ నుండి గోడకు టేకు దూలాలు వేసి, వాటి మీద సన్నపు ఇటుకలను సున్నంతో అంచుల మీద నిలబెట్టి ఏటవాలుగా పేరుస్తారు. దాని మీద ఇటుక ముక్కలు, సున్నం కలిపిన కాంక్రీటు పరిచి, కూలీలు వరుసగా కూర్చుని కొయ్య దిమ్మెలతో రోజుల తరబడి కొట్టి గట్టిపరుస్తారు. ఆ పైన పలకలు పరుస్తారు. లోపలి వైపు గచ్చు మెత్తి వెల్ల వేస్తారు. ఈ కప్పులో సిమెంటు గాని, ఇనుప చువ్వ గాని ఉండవు.

ఇలాంటి ఇంట్లో గోడ కంటే ముందు కప్పు పెచ్చులూడుతుంది. పైన పలకల సందులు విచ్చుకుంటే వాన నీరు ముందుగా దిగేది కప్పులోకే. దూలాలు వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుంటాయి, ఇటుక కదలదు, కనుక దూలం వెంట సన్నటి గీత పడుతుంది. వంటింటి పొగ, దీపాల మసి పైకి వెళ్ళి కప్పుకే పట్టుకుంటాయి, మసి మీద ఏ పూతా నిలవదు. ఇక గోడ మీద సగం ఊడిన పెచ్చు ఇంకో ఏడాది వేలాడుతుంది గాని, కప్పు మీది పెచ్చు తన బరువుకు తానే రాలిపోతుంది.

బిల్లులో ఉన్న పని, గోడ మీద లేని పని

డల్హౌసీ గవర్నర్ జనరల్‌గా ఉన్న కాలంలో, 1854 ప్రాంతంలో, పబ్లిక్ వర్క్స్ శాఖ ఏర్పడింది. ప్రభుత్వ భవనాలకు ఏటేటా వెల్ల వేయించే ఆనవాయితీ ఆ శాఖతోనే స్థిరపడింది. నేను ఉద్యోగంలో చేరేనాటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడి 14 ఏళ్ళయింది. అయినా మా సెక్షన్ బల్ల మీద మద్రాసు డిటెయిల్డ్ స్టాండర్డ్ స్పెసిఫికేషన్స్ పుస్తకం అట్టలు ఊడిపోయి ఉండేది. వెల్ల వేసే పనిని ఎవరు రాసినా మొదటి వాక్యం ఒకటే: వదులైన పాత పొరను గీకి, దుమ్ము దులిపి, గోడ శుభ్రం చేసిన తరువాతనే కొత్త పూత వేయవలెను. కేంద్ర పబ్లిక్ వర్క్స్ వారి నిబంధనలు కొలతలు కూడా చెబుతాయి. కిలో కాల్చిన సున్నానికి సుమారు ఐదు లీటర్ల నీరు పోసి, ఒక రోజంతా నాననిచ్చి, గుడ్డతో వడగట్టాలి. ఒక ఘనపు మీటరు సున్నపు తేటకు నాలుగు కిలోల జిగురు వేడినీటిలో కరిగించి కలపాలి. తెలుపు మెరవడానికి కాస్త నీలిమందు వేయాలి.

ఎస్టిమేటులో "పాత వెల్ల గీకుట" వేరే ఐటెం, "రెండు పూతలు" వేరే ఐటెం. మార్చి నెలాఖరు బిల్లుల్లో రెండూ చదరపు మీటర్లతో సహా కనబడేవి. పూత కంటికి కనబడుతుంది. గీకిన పని పూత కింద దాగిపోతుంది, కనుక మెజర్‌మెంట్ బుక్కులో ఉన్నా గోడ మీద ఉండేది కాదు. ఇది ఒక్క ఊరి సంగతి కాదు. ఏ శాఖలో పనిచేసిన మిత్రులను అడిగినా నవ్వి ఊరుకుంటారు.

ఒక పాత బడి వరండాలో రాలిన పెచ్చును నేను చేతిలోకి తీసుకుని చూశాను. అట్టముక్కంత మందం ఉంది. అంచున చూస్తే పదకొండు పొరలు లెక్కకు వచ్చాయి. తెలుపు, నీలిపట్టిన తెలుపు, మధ్యలో ఒక పసుపు, మళ్ళీ తెలుపు, పైన లేత ఆకుపచ్చ డిస్టెంపర్. ఏటా పూస్తూ పోయారు, ఎవరూ గీకలేదు. బరువు పెరిగి అన్ని పొరలూ కలిసి గచ్చును వదిలేశాయి. మన ఆఫీసులో ఫైలు మీద ఫైలు పెట్టి, అడుగు ఫైలు ఎవరూ విప్పకపోతే బీరువా ఏమవుతుందో గోడ కూడా అంతే అయింది.

కొత్త పూతలు వచ్చిన క్రమం

1824లో ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు తీసుకున్నాడు. మన దేశంలో 1904లో మద్రాసులో సిమెంటు తయారీకి ప్రయత్నం జరిగింది. 1914లో పోరుబందరు ఫ్యాక్టరీతో అది నిలదొక్కుకుంది. 1902లో కలకత్తా దగ్గర హౌరాలో షాలిమార్ రంగుల ఫ్యాక్టరీ మొదలైంది. 1942లో బొంబాయిలో ఏషియన్ పెయింట్స్ పుట్టింది. 1954లో ఆర్.కె. లక్ష్మణ్ గీసిన గట్టు అనే అల్లరి పిల్లవాడు చేతిలో రంగు డబ్బా, కుంచెతో గోడల మీదికి ఎక్కాడు. మన వయసు వారికి ఆ పిల్లవాడు ఇంటి మనిషే.

గోడల పూతల్లో వెల్ల తరువాత వచ్చింది పొడి డిస్టెంపర్. అది సుద్దపొడి, జిగురు కలిపిన రంగు, చేయి రాస్తే అంటుకునేది. తరువాత నూనె కలిసిన డిస్టెంపర్ వచ్చింది. బయటి గోడలకు సిమెంటు రంగు వచ్చింది, జనం దాన్ని స్నోసెం అనే పిలిచేవారు. తలుపులకు, కిటికీలకు ఎనామిల్ రంగులు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత పాశ్చాత్య దేశాల్లో ప్లాస్టిక్ ఎమల్షన్ రంగులు వ్యాపించి, కొన్నేళ్ళకు మన ఇళ్ళకూ చేరాయి. అవి శుభ్రంగా ఉంటాయి, తడిగుడ్డతో తుడుచుకోవచ్చు, ఏటేటా వేయనక్కరలేదు. సిమెంటు గోడల కొత్త ఇంటికి అవి మంచివే.

పాత సున్నపు గోడ సంగతి వేరు. ఆ గోడ నేల నుండి, కప్పు నుండి చెమ్మ పీల్చి వదులుతూ బతుకుతుంది. దాని మీద లప్పం పెట్టి, ప్రైమర్ వేసి, ఎమల్షన్ పూస్తే చెమ్మకు దారి మూసుకుపోతుంది. అది బయటికి రాలేక పూత వెనుక చేరి పొక్కులు లేపుతుంది. నీటిలోని ఉప్పు గచ్చులోనే గడ్డకట్టి చవుడుగా పొంగి గచ్చును పిండి చేస్తుంది. పైగా అడుగున గీకని వెల్ల పొడిపొడిగా ఉంటే, ఎంత ఖరీదైన రంగైనా ఆ పొడినే పట్టుకుంటుంది, గోడను కాదు. పొడి రాలిన రోజున రంగూ రాలుతుంది.

పెద్ద కట్టడాలు నేర్పిన పాఠం

ఇది మన మధ్యతరగతి ఇళ్ళ గోల మాత్రమే అనుకోవద్దు. అజంతా గుహలు ఆనాడు నిజాం రాజ్యంలో ఉండేవి. గోడల మీద, కప్పుల మీద చిత్రాలు పెచ్చులూడుతుంటే గులాం యజ్దానీ గారి అధ్యక్షతన ఉన్న హైదరాబాదు పురావస్తు శాఖ ఇటలీ నుండి లొరెంజో చెక్కోనీని, ఆయన సహాయకుణ్ణి పిలిపించింది. 1920-22 మధ్య వారు ఊడుతున్న రంగును తిరిగి అతికించి ఎంతో భాగం కాపాడారు. అయితే ఆ పనిలో వాడిన లక్క వార్నీషు కాలక్రమేణా పసుపెక్కి, నల్లబడి, చిత్రాల ఛాయనే మార్చేసింది. 1953 తరువాత ఆ గుహలు భారత పురావస్తు శాఖ చేతికి వచ్చాక రసాయన నిపుణులు ఏళ్ళ తరబడి ఆ వార్నీషును తొలగిస్తూ వచ్చారు. గోడ గుణానికి సరిపడని పూత వేస్తే దాన్ని తీయడమే తరువాతి తరానికి ఉద్యోగమవుతుంది.

గోల్కొండ పక్కన కుతుబ్ షాహీ సమాధుల దగ్గరా ఇదే జరిగింది. ఇరవయ్యో శతాబ్దపు మరమ్మతుల్లో సున్నపు గచ్చు మీద సిమెంటు మెత్తారు. 2013లో ప్రారంభమై 2024లో ముగిసిన పునరుద్ధరణలో ఆగాఖాన్ ట్రస్టు వారు ఆ సిమెంటు పొరలను ఒలిచి మళ్ళీ సున్నపు గచ్చే వేయించారు. రాజుల సమాధులకు తగిన మందు మన హాలుకూ తగుతుంది.

పిల్లలున్న ఇళ్ళవారు తప్పక చదవవలసినది

గీకమని చెప్పాను గనుక ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. పాత ఎనామిల్ రంగుల్లో సీసం ఉండేది. తెలుపుకు వాడిన సఫేదాలో, పసుపు, ఎరుపు రంగుల్లో మరీ ఎక్కువ. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో లాక్‌హార్ట్ గిబ్సన్ అనే వైద్యుడు 1904లోనే పిల్లల సీసపు విషానికి వరండా కమ్మీలకు వేసిన రంగు కారణమని చెప్పాడు. 1921లో అంతర్జాతీయ కార్మిక సంస్థ లోపలి గోడలకు తెల్ల సీసం వాడకంపై ఒడంబడిక చేసింది. అమెరికా ఇళ్ళ రంగుల్లో 1978లో నిషేధించింది. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలకు మించరాదన్న నిబంధన 2016 నవంబరులో వెలువడి ఏడాది తరువాత అమల్లోకి వచ్చింది. అంటే మన ఇళ్ళ తలుపులు, కిటికీ చువ్వలు, నూనె రంగు వేసిన గోడల అంచులు చాలావరకు ఆ నిబంధనకు ముందు కాలానివే.

ఆ రంగు గోడ మీద గట్టిగా ఉన్నంత కాలం పెద్ద ప్రమాదం లేదు. గరుకు కాగితంతో పొడిగా రుద్దినప్పుడు లేచే దుమ్ములోనే ఉంది విషం. అది నేల మీద పడుతుంది, పాకే పిల్లవాడి చేతికి అంటుతుంది, చేయి నోట్లోకి వెళ్తుంది. పసిపిల్లల మెదడు ఎదుగుదలకు సీసం చేసే చేటు తిరిగి బాగు చేయలేనిది. కాబట్టి పాత నూనె రంగును నీళ్ళతో తడిపి గీకించండి. మంటతో కాల్చి తీయనివ్వకండి. పనివారు ముక్కుకు గట్టి మాస్కు కట్టుకోవాలి. పెచ్చులను సంచిలో కట్టి పారేయాలి గాని పెరట్లో పోయకూడదు. చీపురుతో ఊడ్వకుండా తడిగుడ్డతో తుడవాలి. ఆ నాలుగు రోజులూ మనవలను, గర్భిణి కోడళ్ళను, కూతుళ్ళను వేరే ఇంట్లో ఉంచండి. సెలవులకు పిల్లలు వస్తున్నారని వారు వచ్చిన వారంలోనే గోడలు గీకించడం మాత్రం వద్దు.

పని చేయించే వరుస

అనుభవజ్ఞులైన తాపీ మేస్త్రుల దగ్గర నేను విన్నది, చూసింది క్లుప్తంగా చెబుతాను.

మొదట కప్పు పైకి మనిషిని ఎక్కించి పలకల సందులు, నీటి గొట్టాల మొదళ్ళు బాగు చేయించాలి. పైన నీరు దిగుతుండగా కింద వేసే రంగు వృథా. తరువాత ఒక వేసవి గోడను ఆరనివ్వాలి. ఆపైన వేలి కణుపుతో గచ్చును తట్టి చూడాలి. డొల్ల శబ్దం వచ్చిన చోట గచ్చు గోడను వదిలినట్టే, అక్కడ గట్టి భాగం వచ్చేదాకా ఒలవాలి. దూలాల చివరలు గోడలో దిగిన చోట సూదిమొన గుచ్చి చూడాలి, మెత్తగా దిగితే కుంచె మాట మరిచి ముందు ఇంజనీరును పిలవాలి.

గీకడం తడిపి చేయాలి. అరచేతితో రాస్తే తెల్లపొడి అంటని దాకా గీకాలి. తరువాత కడిగి ఆరనివ్వాలి. ఒలిచిన చోట్ల సిమెంటుతో కాకుండా సున్నం, ఇసుకతోనే మెత్తి, కొన్ని రోజులు తడుపుతూ ఉంచాలి. పిమ్మట గోడను తడిపి, పాలలా పలుచని వెల్లను, ఒక పూత ఆరాక మరొకటిగా మూడు పూతలు వేయాలి. చిక్కగా ఒక్కసారే పూస్తే ఎండి పొలుసులుగా లేస్తుంది. సున్నం కంట్లో పడితే ప్రమాదం, కనుక పైకి చూస్తూ పనిచేసేవారు కళ్ళద్దాలు తప్పక పెట్టుకోవాలి. మన వయసువారు నిచ్చెన ఎక్కవద్దు, కుర్చీలో కూర్చుని చూస్తే చాలు.

సంక్రాంతి ముందు వెల్ల వేసే ఆచారంలో కూడా ఒక లెక్క ఉంది. వానలు వెనకబట్టినా గోడలో ఇంకా చెమ్మ ఉంటుంది. వెల్లకు కాస్త చెమ్మ కావాలి, మండుటెండ పనికిరాదు, కనుక ఆ కాలం దానికి సరిపోయింది. అదే ముహూర్తానికి ఎమల్షన్ వేయిస్తున్నాం కనుక చెమ్మను గోడలో బంధిస్తున్నాం. ఆచారం మిగిలింది, దాని కారణమైన సున్నం పోయింది.

సంఘానికి మనవి

సమావేశం ముందుకు రెండు కంపెనీల రంగుల ధరలు వస్తాయని విన్నాను. ఏ రంగు మంచిదన్న చర్చకు ముందు మూడు ఐటెములు ఎస్టిమేటులో చేర్చవలసిందిగా కార్యవర్గానికి నా మనవి: కప్పు మీది పలకల మరమ్మతు, పాత పొరలను పూర్తిగా గీకుట, ఊడిన చోట సున్నపు గచ్చు. హాలు గోడలకు వెల్ల, తలుపులకు మాత్రం సీసం లేని ఎనామిల్. పై పూత మీద మిగిలే డబ్బు ఈ మూడింటికి చాలవరకు సరిపోతుంది.

గీకే పని జరుగుతుండగా రోజుకు ఇద్దరు సభ్యుల చొప్పున అక్కడ కూర్చుందాం. పూత పడకముందే ప్రతి గోడను అరచేతితో రాసి చూసి, తేదీ వేసి సంతకం చేద్దాం. మనలో మెజర్‌మెంట్ బుక్కు చదవగలిగినవారు పదిమందికి తక్కువ లేరు. మన చందా డబ్బుతో జరిగే ఈ పనిలోనైనా బుక్కులో రాసినదీ గోడ మీద ఉన్నదీ ఒకటే కావాలి. మొదటి రోజు వంతు నా పేరు రాసుకోవలసిందిగా కోరుతున్నాను.

సెలవు.